తిత్తిలో బొరుగులు

బస్సులో సీటు దొరక్క మా అమ్మ నిలబడి ప్రయాణం చేయడం నేనెప్పుడూ చూడలేదు. అనంతపురం బస్టాండులో కదిరి బస్సు ఇంకా ఆగకముందే ఆమె కిటికీ పక్కకు చేరిపోయి, నడుముకు దోపుకున్న వక్కాకు తిత్తిని తీసి లోపలికి విసిరేది. అందరూ రుమాళ్ళు వేస్తారు, తువ్వాళ్ళు వేస్తారు. వాటిని పక్కకు నెట్టి దర్జాగా కూర్చునే మహానుభావులూ ఉంటారు. మా అమ్మ తిత్తిని మాత్రం ఎవరూ నెట్టరు. ఎర్రటి మరకలతో, పొగాకు ఘాటుతో ఉండే ఆ గుడ్డసంచిని ముట్టుకోవడానికే జనం జంకుతారు. ఆమె నెమ్మదిగా ఎక్కి, తిత్తి తీసి ఒళ్ళో పెట్టుకుని, పక్క సీటు మీద చెయ్యి వేసి నన్ను పిలిచేది. నేను తల దించుకుని పోయి కూర్చునేదాన్ని.

ఆ తిత్తి ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో మా జేజి, అంటే మా నాయనను కన్నతల్లి, కుట్టి ఇచ్చిందట. తాడు లాగితే మూతి ముడుచుకుంటుంది. లోపల నాలుగు అరలు. ఒకదాంట్లో తమలపాకులు, ఒకదాంట్లో వక్కలు, ఒకదాంట్లో పొగాకు, చివరిదాంట్లో సున్నం డబ్బీ. మా ఊళ్ళో వక్కాకు వేసుకోవడం అంటే పెద్దవాళ్ళకు ఈ నాలుగూ కలిపే. మా ఊరు ముదిగుబ్బ దాటి, రోడ్డు మీద దిగి, ఇంకా కొంత దూరం నడవాలి. శెనక్కాయ చేలో కలుపు తీస్తున్నంతసేపూ మా అమ్మ ఎడమ బుగ్గ ఉబ్బే ఉండేది. అది నోట్లో ఉంటే ఆకలి తెలీదనేది, ఎండ తెలీదనేది. వాన మొహం చాటేసిన ఏళ్ళలో మా ఇంట్లో తిండీ బట్టా తగ్గాయి కానీ వక్కాకు తగ్గిన ఏడు నాకు గుర్తులేదు.

ఇక నా ఉద్యోగం సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ కథలో నవ్వులపాలయ్యేది అదే. పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగే ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇవ్వడం నా పని. మనుషుల చేత అలవాట్లు ఎట్లా మానిపించాలి, మంచి అలవాట్లు ఎట్లా చేయించాలి అని గంటల తరబడి చెబుతాను. దానికి ఒక పటం ఉంది. ఐదు మెట్లు, మెట్టుకొక బొమ్మ. మొదటి మెట్టు మీద మనిషికి మారాలన్న ఆలోచనే ఉండదు. రెండో మెట్టు మీద ఆలోచిస్తాడు. మూడో మెట్టు మీద సిద్ధమవుతాడు. నాలుగో మెట్టు మీద చేస్తాడు. ఐదో మెట్టు మీద నిలబడతాడు. మధ్యలో జారడం మామూలేనని, జారినవాణ్ణి తిట్టకూడదని, మళ్ళీ చెయ్యి అందించాలని నేను ఎంత మెత్తగా చెబుతానంటే, వినేవాళ్ళలో కొందరికి కళ్ళు చెమరుస్తాయి. ఇంట్లో నన్ను చూసినవాళ్ళు ఎవరూ ఆ క్లాసులకు రారు కాబట్టి సరిపోయింది. నాది ముక్కు మీద కోపం.

ఆ ఏడు ఎండాకాలంలో మా అమ్మ ఊరి నుంచి అనంతపురంలో నా దగ్గరికి వచ్చింది. మూడో రోజు సంగటి ముద్దలోకి ఊరిబిండి నంజుకుంటూ ఆగిపోయింది. నోరు మండుతోందని, చాన్నాళ్ళుగా మండుతోందని, కారం పడటం లేదని మెల్లగా చెప్పింది. రోట్లో నూరిన ఆ శెనక్కాయల పచ్చడి లేకుండా ముద్ద ఎత్తని మనిషి ఆ మాట అనేసరికి నేను తింటున్న ముద్ద వదిలేసి లేచాను. కిటికీ దగ్గర కూర్చోబెట్టి, ఫోను లైటు వేసి నోట్లోకి చూశాను. ఎడమ బుగ్గ లోపల, ఇన్నేళ్ళూ ఆ ముద్ద పెట్టుకునే చోట, సున్నం పూసినట్టు తెల్లటి మచ్చ. ఆ మచ్చ ఏమిటో నాకు తెలుసు. దాని బొమ్మ నా పాఠాల్లో ఉంది. నాకు చాలా భయమేసింది. ఆమెతో మాత్రం ఏమీ లేదులే, పళ్ళ డాక్టరుకు చూపిద్దాం అన్నాను.

పళ్ళ డాక్టరమ్మ చిన్న వయసుదే, కానీ మాట నిదానం. అవ్వా అని పిలుస్తూ బుగ్గంతా తడిమి చూసింది. ఇది ఇప్పటికి మచ్చే, కానీ ఇట్లాగే వదిలేస్తే మచ్చగా ఉండకపోవచ్చు అని చెప్పింది. వక్కా, పొగాకూ రెండూ పూర్తిగా మానేసి రెండు నెలల తర్వాత రమ్మంది. అప్పటికీ తగ్గకపోతే అందులో ముక్క తీసి పరీక్షకు పంపాల్సి ఉంటుంది అంది. మా అమ్మ అంతా విని, బుద్ధిగా తలూపి, బయటికి వచ్చి చెప్పులు వేసుకుంటూ తిత్తి తాడు లాగింది. ఆకుకు సున్నం రాస్తూ, ఆ పిల్లకు ఇంకా పెళ్ళయినట్టు లేదే అంది.

నేను రోడ్డు మీదే అరిచాను. ఆమె తొణకలేదు. వాళ్ళమ్మ కాటికి పోయేదాకా వక్కాకు నమిలిందని, ఏమీ కాలేదని, తను ఈ తిత్తితోనే పోతానని చెప్పింది. ఇంటికొచ్చాక నేను రోజుకు నాలుగు పాఠాలు చెప్పేదాన్ని. నా గొంతు లేవగానే ఆమె మిద్దె మీదికి పోయేది. దిగి వచ్చేసరికి పెదాలు ఎర్రగా ఉండేవి.

పది రోజులు చూసి, ఆఫీసులో మిగిలిన మెట్ల పటం ఒకటి తెచ్చి హాల్లో గోడకు తగిలించాను. ఆమె అది కొత్త క్యాలెండరు అనుకుని పండగలు ఎక్కడ వేశారని అడిగింది. కూర్చోబెట్టి ఒక్కో మెట్టూ వివరించాను. శ్రద్ధగా విన్నది. అంతా విని, ఇది తప్పుగా గీసినారు అంది.

"మెట్లెక్కితే మోకాళ్ళ నొప్పులు తప్ప ఏముండాది? ఇది బస్సు లెక్క పాపా. ఊరికి పోవల్లనే తలంపే ల్యాకుండా ఇంట్లో పండుకోనుండేది ఒగటి. బస్టాండుకు పోయి, పోదామా వద్దా అని బోర్డులు చూస్తాండేది ఒగటి. సీటు పట్టి టికెట్టు తీసుకునేది ఒగటి. బస్సు కదిలి బత్తలపల్లి, ముదిగుబ్బ దాటేది ఒగటి. ఊరు చేరినాక, ఆడనే ఉండేది ఒగటి."

నేను రెండేళ్ళుగా ఎందరికో చెబుతున్న పాఠాన్ని ఆమె ఒక్క విడతలో నాకంటే బాగా చెప్పేసింది. నాకు ఒళ్ళు మండింది. అయితే నువ్వెక్కడున్నావిప్పుడు అని అడిగాను. ఇంట్లోనే పండుకోనుండా అని నవ్వి, మిద్దె మీదికి పోయింది.

అయినా ఆ రోజు నుంచి ఏదో మొదలైంది. ఆకు మడుస్తూ మడుస్తూ మధ్యలో ఆగేది. అద్దం ముందు నిలబడి, వేలితో బుగ్గ పక్కకు లాగి, మచ్చను చూసుకునేది. నేను చూస్తే అద్దం తుడుస్తున్నట్టు నటించేది. ఒక సాయంత్రం తనంతట తనే, బస్టాండుకు వచ్చినా, బోర్డులు చూస్తాండా అంది. ఆ బోర్డులు చూడటం మూడు వారాలు సాగింది. ఇంకెన్నాళ్ళు చూస్తావు, బోర్డుల మీద అక్షరాలు అరిగిపోతాయి అని నేను సతాయించాను. రెండో మెట్టు మీదున్న మనిషిని తొందరపెట్టరాదు అని నా క్లాసులో నేనే చెబుతానన్న సంగతి అప్పుడు నాకు గుర్తు రాలేదు.

ఇక్కడ నా టీ సంగతి కూడా చెప్పాలి. నాకు సుగరు ఉందని తేలి రెండేళ్ళయింది. సుగరు మా ఇంటికి కొత్త కాదు. మా నాయనకు ఉండేది. ఆయనకు కాలి వేలికి చిన్న ముల్లు గుచ్చుకుని, అది మానక, ముందు ఒక వేలు తీశారు, తర్వాత ఇంకో రెండు తీశారు. ఆ కాలికి గుడ్డ కట్టడం, విప్పడం, కడగడం అంతా మా అమ్మే చేసేది. ఆయన పోయి ఇప్పటికి చాలా ఏళ్ళయింది. నేను ఆఫీసు నుంచి రాగానే ఆమె నా ముఖం చూడదు, నా కాళ్ళు చూస్తుంది. వాకిట్లో ముగ్గు వేయడానికి దిగినా చెప్పులేసుకో అని వెంటపడుతుంది. అది ఆమె చాదస్తం అనుకునేదాన్ని. ఇంత ఎరుక ఉండి కూడా నేను గ్లాసు నిండా తియ్యటి టీ రోజుకు ఐదారుసార్లు తాగేదాన్ని. ఊరి వాళ్ళకు నీతులు చెప్పి వచ్చి, అలసట పేరు చెప్పి చక్కెర వేసుకునేదాన్ని.

ఒక ఉదయం నేను రెండో చెంచా చక్కెర వేస్తుండగా మా అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు చక్కెర ఇడువు, నేను వక్కాకు ఇడుస్తా. ఇద్దరం ఒగే బస్సు ఎక్కుదాం."

నేను సంతోషంతో ఉబ్బిపోయాను. ఆమె మూడో మెట్టుకు వచ్చిందన్న సంబరంలో నా వాటా ఏమిటో సరిగ్గా ఆలోచించను కూడా లేదు. సరే సరే అని చేతిలో చెయ్యి వేశాను.

మా అమ్మ సిద్ధం కావడం ఒక పండగ పనిలా సాగింది. మంగళవారం మొదలుపెట్టకూడదంది. అమావాస్య పోవాలంది. చివరికి ఒక గురువారం ఖాయం చేసుకుంది. బుధవారం నాడు తిత్తిని సోడా వేసి ఉడికించి, బండకు కొట్టి కొట్టి ఉతికింది. మరకలు పూర్తిగా పోలేదు కానీ కంపు పోయింది. ఎండబెట్టి, మూడు అరల్లో బొరుగులు నింపింది. ఒకదాంట్లో ఉత్తివి, ఒకదాంట్లో కారం లేకుండా కొంచెం ఉప్పు కలిపినవి, ఒకదాంట్లో పుట్నాలు కలిపినవి, సున్నం డబ్బీ ఉండే అరలో సోంపు. తిత్తి పారేస్తే సరిపోయేది కదా అన్నాను. నడుముకు అది లేకపోతే చీర నిలబడదంది.

మొదటి వారం మా ఇంట్లో యుద్ధమే. ఆమెకు తలనొప్పి, చిరాకు, నిద్ర లేదు. మా ఆయన ఏదో మంచిమాట చెప్పబోతే, అల్లుడని కూడా చూడకుండా కసిరింది. ఆయన అప్పటి నుంచి ఆమె ఉన్న గదిలోకి పేపరు అడ్డం పెట్టుకుని పోయేవాడు. భోజనం అయ్యాక చెయ్యి దానంతటదే తిత్తిలోకి పోయేది. ఆకు కోసం తడిమి, బొరుగులు తగిలేసరికి ఆమె ముఖంలో కనిపించిన నిరాశ చూసి నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. ఆ బొరుగులనే పిడికిలి నిండా తీసి, పగబట్టినట్టు కరకరా నమిలేది. రోజూ పొద్దున్నే నన్ను అడిగేది, ఇప్పుడు యాడుండాము అని. బత్తలపల్లి కనబడుతోందమ్మా అనేదాన్ని. మూడో వారానికి తనే చెప్పింది, బత్తలపల్లి దాటినాము, ఊరిబిండి తింటే అంత మంట లేదు అని. ఆ రోజు నేను వంటింట్లోకి పోయి కాసేపు ఏడ్చాను. సంతోషంతోనే.

మరి నేను? ఇంట్లో ఆమె ఎదురుగా చక్కెర లేని టీ తాగి, బ్రహ్మాండంగా ఉందని చెప్పేదాన్ని. ఆఫీసుకు పోయాక ఎదురుగా ఉన్న టీ అంగడిలో రోజుకు రెండు గ్లాసుల తియ్యటి టీ తాగేదాన్ని. మొదట్లో ఇవాళ ఒక్కరోజే అనుకున్నాను. తర్వాత అనుకోవడం కూడా మానేశాను. సాయంత్రం ఇంటికి రాగానే ఆమె, ఇద్దరం బాగానే పోతాండాము గదా అని అడిగేది. బాగానే పోతున్నామమ్మా అనేదాన్ని. అంత సులువుగా అబద్ధం ఎట్లా వచ్చేదో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అప్పుడే మా అన్న కూతురికి చిలమత్తూరు సంబంధం వచ్చింది. అబ్బాయి నచ్చాడు, పిల్ల నచ్చింది. ఇక మావాళ్ళు పోయి అబ్బాయి ఇల్లు చూసి రావడం మిగిలింది. మావైపు ఇల్లు చూడటానికి పోవడం పెద్ద తతంగం. అక్కడ భోజనం చేసి, వాళ్ళిచ్చిన వక్కాకు తీసుకుంటే సంబంధం ఇష్టమైనట్టు. వక్కాకు ముట్టకపోతే ఇక మాటల్లో చెప్పనక్కర లేదు. ఇంతటి సంగతి నాకూ, మా అన్నకూ, చివరికి మా అమ్మకూ కూడా బయల్దేరేటప్పుడు తట్టలేదు. వక్కాకును ఒక జబ్బుగా చూడటం మాకు అంతగా అలవాటైపోయింది.

భోజనం బాగా పెట్టారు. పొలాల సంగతి, బోర్ల సంగతి, పాత బంధుత్వాలు అన్నీ మాట్లాడుకున్నాం. అబ్బాయి జేజి, మా అమ్మ ఈడుదే, తనే ఇత్తడి పళ్ళెం పట్టుకుని వచ్చింది. లేత ఆకులు, వక్కలు, పక్కన పొగాకు. మర్యాదగా మా అమ్మ ముందు పెట్టి, వేసుకో వదినా అంది. మా అమ్మ పళ్ళేన్ని రెండు చేతులతో వెనక్కి జరిపి, నాకొద్దులే అంది.

ఆ పెద్దావిడ పళ్ళెం తీసుకుని లోపలికి పోయింది. అబ్బాయి తాత తన తువ్వాలు తీసి దులిపి మళ్ళీ భుజాన వేసుకున్నాడు. మా అన్న ముఖంలో నెత్తురు లేదు. ఏం జరిగిందో నాకు ఇంకా తెలీలేదు. కూర బాగలేదేమో అనుకుంటున్నాను. తాత గొంతు సవరించుకుని మా అన్నను అడిగాడు.

"ఏమప్పా, మా ఇల్లు మీ అమ్మకు సరిపోలేదా? లోపమేమన్నా ఉంటే చెప్పండి, మేమేమీ అనుకోము."

అందరికంటే ముందు మా అమ్మకు అర్థమైంది. నేను నోరు తెరిచి, మచ్చ, డాక్టరు అని మొదలుపెట్టేలోపల ఆమె నా మోకాలు గట్టిగా నొక్కింది. పెళ్ళి మాటల్లో జబ్బు మాట ఎత్తితే అది పిల్లకూ ఆ జబ్బు ఉందేమో అన్నదాకా పోతుంది. ఆమె లేచి వంటింటి గడప దాకా పోయి, వదినా ఆ పళ్ళెం యాడికి తీసకపోతివి అని కేక వేసింది. తనే రెండు ఆకులు తీసుకుంది. సున్నం రాసింది, వక్క వేసింది, పొగాకు తుంచి పెట్టింది, మడిచి, అందరూ చూస్తుండగా ఎడమ బుగ్గలో పెట్టుకుంది. ఇల్లంతా ఊపిరి పీల్చుకుంది. నవ్వులు మొదలయ్యాయి. నేను ఆమె బుగ్గ వంకే చూస్తూ కూర్చున్నాను. వచ్చేటప్పుడు ఆ పెద్దావిడ ప్రేమగా ఒక పెద్ద వక్కాకు పొట్లం కట్టి ఇచ్చింది.

ఆ పొట్లం అయిపోయేదాకా మా అమ్మ ఆగలేదు. ఆరో రోజున మిద్దె మీద తొట్టి వెనక ఎర్రటి మరక చూశాను. చూసి, గట్టిగా అరిచాను. ఇన్నాళ్ళ కష్టం మట్టిపాలు చేశావన్నాను. మళ్ళీ మొదటికొచ్చావన్నాను. నీ నోరు కోస్తే గానీ నీకు బుద్ధి రాదన్నాను. ఆ చివరి మాట అన్నందుకు నాకు ఇప్పటికీ బాధ. ఆమె ఆ పూట భోజనం చేయలేదు. నేనూ చేయలేదు.

మరుసటి రోజు పొద్దున నేను ఆఫీసుకు బయల్దేరుతుంటే వాకిట్లో కూర్చుని తిత్తిలోంచి ఆకు తుంపులు దులుపుతోంది. పక్కన చేటలో కొత్త బొరుగులు.

"మొదటికి ఎట్ల వస్తాను? బస్సు చెడిపోతే దిగి నడుచుకుంటా మళ్ళా అనంతపురానికి పోతామా? ఆడనే నిలబడి ఇంకో బస్సు ఎక్కుతాము. నేను ముదిగుబ్బలోనే ఉండా."

నేను క్లాసులో కళ్ళు చెమర్చేలా చెప్పే మాట అదే. దాన్ని నా వాకిట్లో మా అమ్మ నోటి వెంట విన్నాను. చెప్పులు విప్పేసి, ఆమె పక్కన కూర్చుని, బొరుగుల్లో రాళ్ళు ఏరాను. చెప్పులు విప్పినందుకు తిట్టింది.

అదే రోజు ఆమె చిలమత్తూరుకు ఫోను చేయించింది. అబ్బాయి జేజితో చాలాసేపు మాట్లాడింది. ఇప్పుడు సంబంధం కుదిరింది కాబట్టి దాచకుండా మచ్చ సంగతి, డాక్టరమ్మ సంగతి, చివరికి బస్సు సంగతి కూడా చెప్పింది. అవతల ఆ పెద్దావిడ, ముందే చెప్పింటే నేను పళ్ళెం తెచ్చేదాన్నా వదినా అని తెగ నొచ్చుకుందట. నిశ్చితార్థం నాడు మా ఊరికి వాళ్ళు వచ్చినప్పుడు, శాస్త్రం ప్రకారం వక్కాకులు మార్చుకోవడం మగవాళ్ళు చూసుకున్నారు. ముసలివాళ్ళ వైపు మాత్రం ఆవిడ ఇంకో పళ్ళెం తెచ్చింది. అందులో బొరుగులు, పుట్నాలు, ఒక బెల్లం ముక్క. మా అమ్మ ముందు పెట్టి, తనూ ఒక పిడికెడు తీసుకుంది. నేను గూడా బస్టాండుకు వచ్చినా, బోర్డులు చూస్తాండా అని చెప్పింది. ఇద్దరూ నోరు నొప్పి పుట్టేలా నవ్వారు. చుట్టూ ఉన్నవాళ్ళకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

మధ్యలో జారినందుకు డాక్టరమ్మ దగ్గరికి అనుకున్న దానికంటే ఆలస్యంగా పోయాం. ముక్క తీయాలంటే ఏమిటి, పరీక్షలో ఏం వస్తుంది అని నా మనసంతా అదే. డాక్టరమ్మ లైటు వేసి చూసింది. మళ్ళీ చూసింది. వేలితో తడిమింది. మచ్చ పోయింది అవ్వా అంది. ముక్క తీసే పని లేదంది, ఆరు నెలలకోసారి వచ్చి చూపించుకోవాలంది, మళ్ళీ వక్కాకు ముట్టొద్దంది. నేనూ వంగి చూశాను. సున్నం పూసినట్టున్న చోట మామూలు ఎర్రటి బుగ్గ. నేను ఆమె తల పట్టుకుని నెత్తి మీద ముద్దు పెట్టుకున్నాను. అందరి ముందూ ఏమిదంతా అని ఆమె విదిలించుకుంది. నోరు మూస్తే మళ్ళీ మచ్చ వస్తుందేమో అన్నట్టు ఇంటికి పోయేదాకా నవ్వుతూనే ఉంటుందనుకున్నాను.

బయటికి వచ్చాక టీ తాగుదాం పా అంది. ఆ ఆసుపత్రి మా ఆఫీసుకు రెండు సందుల అవతలే. ఆమె నేరుగా మా ఆఫీసు ఎదుటి టీ అంగడి వైపు నడిచింది. నేను ఆ పక్క సందులో ఇంకా మంచి అంగడి ఉందన్నాను. ఇక్కడ పాలు బాగుండవన్నాను. ఆమె అప్పటికే బల్ల మీద కూర్చుంది. అంగడతను నన్ను చూసి ఆప్యాయంగా నవ్వి, నేను ఏమీ అడక్కుండానే గ్లాసులో చక్కెర వేయడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. కలుపుతూ మా అమ్మతో, మేడమ్‌కు పొద్దునొకటి, మధ్యాహ్నమొకటి, ఎప్పుడూ ఇట్లనే ఉండల్ల అవ్వా, తక్కువేస్తే ఒప్పుకోదు అన్నాడు. పాపం, మర్యాద చేస్తున్నాననుకున్నాడు.

నేను నిలబడిపోయాను. అరవడం నాకు చేతనైన పని. ఆ పూట ఆమె అరిస్తే బాగుండేది. ఆమె నా ముఖం చూడలేదు. నా కాళ్ళు చూసింది. చెప్పుల్లో ఉన్న నా పది వేళ్ళనూ లెక్కపెట్టినట్టు చాలాసేపు చూసింది.

"నా నోటి కోసరం మానినా అనుకుంటివా పాపా? ఈ వయసులో నాకు నోరుంటే ఎంత, ల్యాకుంటే ఎంత. మీ నాయన కాళ్ళు కడిగిన చేతులివి. నీ కాళ్ళు గూడా కడగల్లంటే నా చేత కాదు."

గ్లాసు బల్ల మీదే ఉంది, ఆవిరి వస్తోంది. ఆమెను నేను కాపాడుతున్నాననుకున్నాను. ఆ తలనొప్పులు, నిద్ర లేని రాత్రులు, అల్లుణ్ణి కసిరిన కసుర్లు, పగబట్టి నమిలిన బొరుగులు, అవన్నీ నా కాళ్ళ కోసం. నేను మాత్రం బస్సు ఎక్కినట్టు నటిస్తూ ఇంటికి, అంగడికి మధ్య తిరుగుతూ ఉన్నాను. నాకు ఏడుపు వచ్చింది. ఆపుకోలేదు. అంగడతను కంగారుపడి, చక్కెర తక్కువైందా మేడమ్ అన్నాడు. దానికి మా అమ్మకు నవ్వు వచ్చింది. ఆమె నవ్వితే నాకూ వచ్చింది. ఏడుస్తూనే నవ్వాను.

అతనితో చక్కెర లేకుండా ఇంకోటి కలపమన్నాను. అతను నమ్మలేక రెండుసార్లు అడిగాడు.

"ఇప్పుడు యాడుండావు?" అని అడిగింది మా అమ్మ.

"బస్టాండులోనే ఉండానమ్మా" అన్నాను. అబద్ధం లేకుండా ఆమెకు ఇచ్చిన మొదటి జవాబు అదే.

ఆమె నడుముకు దోపుకున్న తిత్తి తీసింది. రోడ్డు మీద ఎండ మండుతోంది, బల్ల దగ్గరికి ఇంకెవరో టీ కోసం వస్తున్నారు. వాళ్ళు కూర్చోకముందే తిత్తిని తన పక్కన బల్ల మీద పెట్టేసి, దాని మీద చెయ్యి వేసింది.

"సీటు పట్టినా. వచ్చి కూచో" అంది.

తిత్తి తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. లోపల బొరుగులు గలగలమన్నాయి. టీ చాలా చేదుగా ఉంది. మొత్తం తాగాను.